వేరిగేటెడ్ మొక్కల్లో ఏది తీసుకోవాలి: రంగు నిలిచేవి, నిలవనివి

ఆకు మీద పచ్చ కాని రంగు కనబడితే చాలు, నర్సరీ చీటీ మీద 'వేరిగేటెడ్' అని రాసేస్తారు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంటుకీ అదే పేరు, సగం ఆకు తెల్లగా ఉన్న మాన్‌స్టెరాకీ అదే పేరు, వెండి రంగు వేసినట్టుండే పైలియాకీ అదే పేరు. పక్కపక్కన పెడితే మూడూ ముచ్చటగానే ఉంటాయి. ఇంటికి తెచ్చాక మాత్రం మూడు దారులు. స్నేక్ ప్లాంటు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కానీ ఆకు ముక్కతో ఇంకో మొక్క చేద్దామంటే పచ్చది వస్తుంది. పైలియాని ఎన్ని ముక్కలు చేసి నాటినా వెండి పోదు. మాన్‌స్టెరా అయితే కొన్నాళ్లకి మొత్తం పచ్చగా తిరిగిపోవచ్చు, లేదా మొత్తం తెల్లబడి ఎండిపోవచ్చు. డబ్బు ఎక్కువ పెట్టేది సాధారణంగా ఈ మూడో దానికే.

అందుకే ఎంత అందంగా ఉందన్న దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఆ రంగు ఆకులోకి ఎలా వచ్చింది? అది తెలిస్తే ఏ మొక్క తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా పిలకలు తీయాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

చీటీ మీది పేర్లు ఏం చెబుతాయి

ఇంగ్లీషులో వేరిగేటెడ్ అంటే వేర్వేరు రంగుల మచ్చలో చారలో ఉన్నది అని. సీతాకోకచిలుక రెక్కకీ వాడతారు, రాతికీ వాడతారు, అల్లిక నూలుకీ వాడతారు. మొక్కల వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ మాట కాస్త ఇరుకైంది. పచ్చగా ఉండాల్సిన ఆకులో కొంత భాగం పత్రహరితం లేకుండా తెల్లగానో, మీగడ రంగులోనో, పసుపుగానో ఉండటాన్నే వాళ్లు వేరిగేషన్ అంటారు. అమ్మేవాళ్లు మాత్రం రంగున్న ఆకులన్నిటికీ కలిపి వాడతారు. తప్పేం కాదు. క్రోటన్ శాస్త్రీయ నామమే కోడియం వేరిగేటమ్ మరి.

దాని పక్కన ఇంకో మాట ఉంటుంది, అది కొంచెం పనికొస్తుంది. ఆల్బో అంటే తెలుపు, ఆరియా అంటే బంగారు పసుపు, మార్జినేటా అంటే అంచున రంగు, మాక్యులేటా అంటే మచ్చలు, పిక్టస్ అంటే రంగు వేసినట్టుండేది, మార్బుల్ అంటే పాలరాతి మీద చారల్లా కలగలిసినది. హాఫ్ మూన్ అంటే ఆకు నడి ఈనెకి ఒక పక్క తెలుపు, ఇంకో పక్క పచ్చ. ఇవన్నీ ఆకు ఎలా కనిపిస్తుందో చెబుతాయి. ఆ రంగు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం ఇందులో ఏ మాటా చెప్పదు.

సొంత రంగు ఉన్నవి

కలాథియా, మరాంటా, అగ్లోనిమా, కోలియస్, క్రోటన్ లాంటి వాటికి ఆకు మీది బొమ్మ పుట్టుకతో వచ్చింది. మొక్కలోని అన్ని కణాల్లోనూ ఒకే జన్యువులు. ఎక్కడ ఏ రంగు వేయాలన్నది ఆ జన్యువుల్లోనే ఉంది. కాబట్టి పిలక తీసినా, కొమ్మ నాటినా తల్లి బొమ్మే వస్తుంది. కోలియస్‌ని గింజల నుంచి కూడా రంగులతో పెంచుకోవచ్చు. అప్పుడప్పుడూ ఒక కొమ్మ వేరే రంగు తిరుగుతుంది, నచ్చితే దాన్ని విడిగా నాటుకోవచ్చు, నచ్చకపోతే తుంచేయొచ్చు.

మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా ఇక్కడే మొదలుపెట్టమని. ఈ గుంపులో కూడా వెలుతురు అవసరం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. క్రోటన్‌కి ఎండ కావాలి. గదిలో మూలన పెడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, ఎండలోకి మారిస్తే ఆ తర్వాత వచ్చే ఆకులకి ఎరుపు, పసుపు మళ్లీ ఎక్కుతాయి. కలాథియాది దీనికి పూర్తిగా ఎదురు. నేరుగా ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, గాలిలో తేమ తగ్గితే అంచులు కాగితంలా ఎండుతాయి. అగ్లోనిమా వీటి మధ్యలో ఉంటుంది. కిటికీకి కొంచెం దూరంగా ఉన్నా సర్దుకుపోతుంది. ఎర్ర రకాలకి మాత్రం కాస్త ఎక్కువ వెలుతురు ఇవ్వాలి.

వెండి మెరుపున్నవి, అంటే పైలియా కాడియెరీ, సింధాప్సస్ పిక్టస్ లాంటివి, వీటికంటే ఇంకా నమ్మకమైనవి. అక్కడ రంగే లేదు. ఆకు పైపొరకీ దాని కిందనే ఉన్న పచ్చ పొరకీ మధ్య సన్నని గాలి పొర ఉంటుంది, వెలుగు దాని మీద పడి వెనక్కి కొడుతుంది, మనకి వెండిలా కనిపిస్తుంది. కింద ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి మొక్క ఆహారం తయారుచేసుకోవడానికీ పెద్ద లోటుండదు. చిన్న కొమ్మ నాటినా అదే మెరుపు. వీటికి గిరాకీ ఇంత తక్కువ ఎందుకో నాకు అర్థం కాదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే

తెల్ల మచ్చల మాన్‌స్టెరా, పింక్ ప్రిన్సెస్ ఫిలోడెండ్రాన్, తెల్ల చారల స్పైడర్ ప్లాంట్, పసుపు అంచు స్నేక్ ప్లాంట్, చాలా రకాల మనీ ప్లాంట్లు వేరే కోవకి చెందినవి. వీటిలో ఒకే మొక్కలో రెండు రకాల కణాలు కలిసి బతుకుతుంటాయి: పత్రహరితం తయారుచేసేవి, చేయలేనివి. దీన్ని కైమెరా అంటారు. సింహం తల, మేక ఒళ్లు, పాము తోక ఉన్న గ్రీకు పురాణ జంతువు పేరు అది. మొక్కలకి ఆ పేరు పెట్టింది హాన్స్ విన్‌క్లర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త, 1907లో. రెండేళ్ల తర్వాత, 1909లో, ఎర్విన్ బాయర్ తెల్ల అంచున్న పెలార్గోనియం మొక్కల్ని పరిశీలించి, వాటిలో ఒక పొర తెల్లది, ఇంకో పొర పచ్చది అని చూపించాడు.

ఈ పొరల సంగతి కొంచెం తెలిస్తే కొనేటప్పుడు చాలా పనికొస్తుంది. కొమ్మ చివర చిగురు మొగ్గలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఆకు, కాడ అన్నీ ఆ పొరల నుంచే వస్తాయి. ఒక పొర మొత్తం తెల్లదై, మిగతావి పచ్చవైతే ప్రతి ఆకూ ఒకేలా వస్తుంది, ఉదాహరణకి అంచు తెలుపు, మధ్య పచ్చ. ఇది గట్టి రకం. అలా కాకుండా మొగ్గలో ఒక పక్క కణాలు తెల్లవి, ఇంకో పక్క పచ్చవి అయితే ఆకు ఆ మొగ్గలో ఏ పక్క నుంచి పుట్టిందో ఆ రంగు వస్తుంది. ఒక ఆకు సగం తెలుపు, తర్వాతది చుక్కలు, ఆ తర్వాతది మొత్తం పచ్చ. ఇది నిలకడ లేని రకం.

కాబట్టి కుండీ ముందు నిలబడ్డప్పుడు ఒక్క అందమైన ఆకుని చూసి పడిపోకండి. కింది నుంచి పై వరకు ఆకులన్నీ వరసగా చూడండి. అన్నిటికీ ఒకే చోట తెలుపు ఉంటే గట్టి రకం. ఒక్కో ఆకు ఒక్కోలా ఉంటే నిలకడ లేనిది. అప్పుడు అన్నిటికంటే కొత్త ఆకుని, దాని కింద కాడని చూడాలి, ఎందుకంటే మొక్క ఇప్పుడు ఎటు పోతోందో చెప్పేవి అవే.

మాన్‌స్టెరా: ఆల్బోనా, థాయ్ కాన్‌స్టెలేషనా

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఆల్బోలో తెలుపు నిజంగా పాల తెలుపు, పెద్ద పెద్ద ముక్కలుగా వస్తుంది. థాయ్ కాన్‌స్టెలేషన్‌లో రంగు మీగడ పసుపు వైపు ఉంటుంది, చుక్కలు చల్లినట్టు ఆకంతా పరుచుకుంటుంది. దూరం నుంచి చూస్తే ఆల్బోదే ఆకర్షణ, అందులో సందేహం లేదు.

కానీ ఆల్బో పైన చెప్పిన నిలకడ లేని రకం. దాన్ని కొమ్మ కటింగులతోనే పెంచాలి. టిష్యూ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో మొక్క చిన్న ముక్క నుంచి కొత్త మొక్కలు పెంచే పద్ధతిలో, వేస్తే రెండు రకాల కణాల అమరిక చెదిరిపోతుంది, అదే నమూనా వస్తుందన్న భరోసా ఉండదు. థాయ్ కాన్‌స్టెలేషన్ ల్యాబ్‌లో టిష్యూ కల్చర్ నుంచే వచ్చింది, అందుకే దాన్ని పెద్ద సంఖ్యలో తయారు చేయగలుగుతున్నారు. పచ్చగా తిరిగిపోవడం దీనిలో చాలా అరుదు. వేర్లు తడిలో నానితే మాత్రం ఊరుకోదు, గాలి ఆడే మట్టి మిశ్రమం కావాలి.

నన్నడిగితే, మొక్క పెరుగుతుంటే చూసి సంతోషించేవాళ్లు థాయ్ తీసుకోవాలి. ప్రతి కొత్త ఆకు విప్పుకునే దాకా ఏమొస్తుందో అన్న టెన్షన్ ఇష్టపడేవాళ్లు ఆల్బో తీసుకోవచ్చు.

ఆల్బో కటింగ్ కొంటుంటే ఒక్క చోటు దగ్గరగా చూడండి. కాడ మీద ఆకు తొడిమ మొదలయ్యే కణుపు దగ్గర చిన్న బొడిపె ఉంటుంది, అదే పక్క మొగ్గ. రేపు వచ్చే కొమ్మ దాని నుంచే వస్తుంది. కాడ మీద తెల్ల చారలు, పచ్చ చారలు ఉంటాయి కదా, ఆ రెండూ ఆ బొడిపె మీదుగా పోతుంటే మంచి కటింగ్. బొడిపె చుట్టూ అంతా పచ్చే ఉంటే, పైన ఆకు ఎంత తెల్లగా ఉన్నా, వచ్చేది పచ్చ కొమ్మే కావచ్చు. చుట్టూ తెలుపే ఉంటే అది ఇంకా కష్టం. మొత్తం తెల్లటి కొమ్మ సొంతంగా ఆహారం చేసుకోలేదు, తల్లి మొక్క మీద ఉన్నన్నాళ్లు బతుకుతుంది, విడిగా నాటితే కొద్దిరోజుల్లో పోతుంది. ఫోటో చూసి కొనేటప్పుడు ఆకు ఫోటో వద్దని, కణుపు ఫోటో పంపమని అడగండి. పంపనంటే ఆ బేరం వదిలేయడం మంచిది.

హాఫ్ మూన్ ఆకుల మోజు గురించి కూడా ఒక మాట. తెల్ల సగం తొందరగా గోధుమ రంగు మచ్చలు పడుతుంది, ఎండకి తట్టుకోదు. అదే ధరకి చుక్కలు, చారలు కలగలిసిన ఆకులున్న మొక్క దొరికితే అదే నయం, ఫోటోలో తక్కువ మెరిసినా సరే.

పింక్ ప్రిన్సెస్‌ది కూడా ఇదే కథ, తెలుపు బదులు గులాబీ. దాని పేరుకి దగ్గరగా ఉండే పింక్ కాంగోతో మాత్రం జాగ్రత్త. అది కైమెరా కాదు. కొత్త ఆకులన్నీ పూర్తి గులాబీ రంగులో ఉండేలా రసాయనంతో తాత్కాలికంగా తెప్పించిన రంగు, కొన్ని నెలలకి మామూలు పచ్చ ఫిలోడెండ్రాన్ అయిపోతుంది. ఆకు నిండా గులాబీ ఉండి, పచ్చ ఎక్కడా కలవకుండా ఉంటే అనుమానించండి.

మామూలు మొక్కల్లో పోటీ

మనీ ప్లాంట్‌లో మార్బుల్ క్వీన్, ఎన్‌జాయ్ రెండూ ఎక్కువగా దొరుకుతాయి. మార్బుల్ క్వీన్‌లో తెలుపు, పచ్చ చారలుగా కలిసిపోతాయి, తీగ పొడుగ్గా సాగుతుంది. ఎన్‌జాయ్‌లో తెల్ల ముక్కలు స్పష్టంగా విడివిడిగా ఉంటాయి, ఆకు చిన్నది, పెరుగుదల నెమ్మది. వేలాడే తీగ కావాలంటే మొదటిది, టేబుల్ మీద చిన్న కుండీకి రెండోది. వెలుతురు తక్కువైన గదికి రెండూ వద్దు, పసుపు మచ్చల మామూలు గోల్డెన్ రకమే తీసుకోండి.

స్పైడర్ ప్లాంట్‌లో మధ్య చార తెల్లగా ఉన్నది విట్టాటమ్, అంచులు తెల్లగా ఉన్నది వేరిగేటమ్. రెండూ గట్టివే, తీగ చివర వేలాడే పిల్ల మొక్కలకి కూడా తల్లి చారలే వస్తాయి. ఎంపిక పూర్తిగా మీ ఇష్టం.

స్నేక్ ప్లాంట్ దగ్గర మాత్రం ఆగాలి. పసుపు అంచున్న లారెంటీ రకం ఆకుని ముక్కలు చేసి నాటితే వచ్చే పిల్లలు పచ్చగా ఉంటాయి, అంచు ఉండదు. ఆకు ముక్క నుంచి కొత్త మొగ్గ లోపలి కణాల నుంచి పుడుతుంది, పసుపు పొర అందులోకి రాదు. మట్టిలోంచి పక్కన వచ్చిన పిలకని వేరుతో సహా విడదీస్తే అంచు అలాగే వస్తుంది. ఎవరైనా లారెంటీ ఆకు కటింగ్ అమ్ముతుంటే కొనకండి.

హోయా ఇష్టపడేవాళ్లకి క్రిమ్సన్ క్వీన్, క్రిమ్సన్ ప్రిన్సెస్ అని రెండు. క్వీన్‌కి అంచు తెలుపు, ప్రిన్సెస్‌కి మధ్య తెలుపు. అంచు తెల్లగా ఉన్నదాన్ని పెంచడం తేలిక. మధ్య తెల్లటిది తరచూ మొత్తం తెల్ల ఆకులు వేస్తుంది, వాటిని గమనించి కొమ్మని వెనక్కి కత్తిరిస్తూ ఉండాలి.

గింజలు కొనాలా?

ఆన్‌లైన్‌లో 'వేరిగేటెడ్ మాన్‌స్టెరా గింజలు' అని అమ్ముతుంటారు. కొనొద్దు. కైమెరాలో పొరల అమరిక గింజలోకి దిగదు. గింజ ఏ పొర కణాల నుంచి వచ్చిందో మొలక మొత్తం ఆ రంగుదే అవుతుంది: పచ్చది బతుకుతుంది, తెల్లది చనిపోతుంది.

చంద్రకాంత పూల మొక్కతో కార్ల్ కోరెన్స్ చేసిన ప్రయోగం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గది, అదీ 1909లోనే. మచ్చల ఆకుల చంద్రకాంతలో ఒకే మొక్కకి పచ్చ కొమ్మలు, తెల్ల కొమ్మలు, మచ్చల కొమ్మలు ఉంటాయి. పచ్చ కొమ్మ పువ్వు గింజలన్నీ పచ్చ మొక్కలయ్యాయి, తెల్ల కొమ్మవి తెల్లగా మొలిచాయి, మచ్చల కొమ్మవి మూడు రకాలూ వచ్చాయి. పుప్పొడి ఏ కొమ్మ నుంచి తెచ్చినా తేడా లేదు, అంతా తల్లి కొమ్మ వైపు నుంచే. అలాంటి చంద్రకాంతలోనే మచ్చల మొక్కయ్యే గింజ ఏదో నాటడానికి ముందు చెప్పలేనప్పుడు, ప్యాకెట్ మీద ఫోటో చూసి మాన్‌స్టెరా గింజలకి డబ్బు పెట్టడం అనవసరం.

మినహాయింపులు లేకపోలేదు. నాస్టర్షియంలో అలాస్కా రకం తెల్ల చుక్కల ఆకులతోనే గింజ నుంచి మొలుస్తుంది. కోలియస్ సంగతి పైన చెప్పాను.

రంగు కాదు, జబ్బు

కొన్ని మచ్చలు వైరస్ వల్ల వస్తాయి. పదిహేడో శతాబ్దంలో డచ్ వాళ్లు మంటల్లాంటి చారలున్న తులిప్ గడ్డల కోసం ఎగబడ్డారు, 1637లో ఆ బేరాలు కుప్పకూలాయి. ఆ చారలు వైరస్ పని అని డొరొతీ కేలీ 1928లో చూపించింది. పేనుబంక దాన్ని ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకి మోసుకెళ్తుంది, గడ్డ ఏటేటా బలహీనపడుతుంది. ఇప్పటికీ పసుపు మచ్చల అబుటిలాన్, థామ్సొనీ అనే రకం, వైరస్ ఉన్న మొక్కే, అయినా అందం కోసం అమ్ముతారు. ఒంటరిగా పెంచుకుంటే ఇబ్బంది లేదు. తెల్లదోమ ద్వారా అంటుకుంటుంది కాబట్టి మందార కుటుంబపు మొక్కలు ఎక్కువున్న తోటకి నేనైతే దాన్ని తీసుకెళ్లను.

ఇంకా మామూలుగా జరిగేది పోషక లోపాన్ని వేరిగేషన్ అనుకోవడం. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడితే ఇనుము లోపం, కింది పాత ఆకుల్లో అలా ఉంటే మెగ్నీషియం లోపం అయ్యే అవకాశం ఎక్కువ. ఆకంతా సన్నని సూది చుక్కల్లా పాలిపోతే ఆకు తిప్పి అడుగున నల్లి ఉందేమో చూడండి. నిజమైన వేరిగేషన్‌లో తెలుపుకీ పచ్చకీ మధ్య గీత స్పష్టంగా ఉంటుంది, ఈనెని అనుసరించాలన్న నియమం ఉండదు, ఆకు వంకరపోదు. ఆకు ముడుచుకుని, మచ్చలు మసకగా ఉంటే ఆ మొక్క తెచ్చి మిగతావాటి మధ్య పెట్టకండి.

మీ ఇంటికి ఏది

వెలుతురు బాగా వచ్చే కిటికీ ఉండి, అందులో నేరుగా ఎండ కొంచెమే ఉంటే దాదాపు ఏదైనా పెంచొచ్చు. తెల్ల భాగం ఎంత ఎక్కువ ఉంటే మొక్క అంత నెమ్మదిగా పెరుగుతుంది, నీళ్లు కూడా అంత నెమ్మదిగా తాగుతుంది. పచ్చ మనీ ప్లాంట్‌కి పోసినన్ని నీళ్లు మార్బుల్ క్వీన్‌కి పోస్తే వేర్లు కుళ్లుతాయి. వెలుతురు తక్కువైతే స్నేక్ ప్లాంట్, అగ్లోనిమా, సింధాప్సస్‌లలో ఒకటి తీసుకోండి. మంచి ఎండ వచ్చే బాల్కనీకి క్రోటన్ లేదా మచ్చల ఆకుల కాగితం పూల మొక్క.

పిల్లి, కుక్క, లేక పాకే పిల్లలు ఇంట్లో ఉంటే మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, అగ్లోనిమా, సింధాప్సస్, డిఫెన్‌బేకియా, కెలాడియం అందకుండా పెట్టాలి. ఇవన్నీ ఒకే కుటుంబం, ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. క్రోటన్ పాలు కూడా చర్మానికి పడవు. స్నేక్ ప్లాంట్ నమిలినా కడుపు పాడవుతుంది. స్పైడర్ ప్లాంట్, కలాథియా, మరాంటా, హోయా, పైలియా పిల్లులకి హాని చేయవు.

కొన్నాక పచ్చ ఆకులు మొదలైతే చాలామంది చేసేది కుండీని వెలుతురులోకి జరపడం. క్రోటన్‌కి అది పనిచేస్తుంది, ఆల్బోకి పనిచేయదు. మొగ్గలో తెల్ల కణాలే లేకపోతే వెలుతురు ఎక్కడి నుంచి తెస్తుంది? పచ్చ కొమ్మకి ఆహారం ఎక్కువ, అది మిగతా కొమ్మల్ని దాటేసి మొక్కంతా ఆక్రమిస్తుంది. అందుకే రెండు మూడు ఆకులు వరసగా పచ్చగా వస్తే ఆగొద్దు. కిందికి వెళ్తూ కాడ మీద తెల్ల చార చివరిసారి కనిపించిన కణుపు వెతికి, దానికి కొంచెం పైన శుభ్రమైన కత్తెరతో కోయండి. కోసిన పచ్చ ముక్కని పారేయనక్కర్లేదు, నీళ్లలో పెడితే వేర్లు వేస్తుంది.